నాన్న కిందకు కట్టిన రింగులు

శ్రీకాకుళంలో డిగ్రీ చదివే రోజుల్లో, ఫోన్లో వీడియోలు చూసి జిమ్నాస్టిక్ రింగులు తెప్పించుకున్నాను. ఎత్తు మార్చుకునే బకిల్ పట్టీలు వాటితోనే వచ్చాయి. చేపల వేటకెళ్ళే నాన్న వాటిని నమ్మలేదు. “ఈ బకిలు ఏటి ఆగుతాదిరా?” అంటూ పక్కన పడేసి, పడవ తాడుతో రింగులను వసారా దూలానికి కట్టాడు. నా కాళ్ళు నేలకు ఆనేంత కిందకే కట్టాడు.

“సేతుల్లో బలం రానీ. అప్పుడు నానే పైకి కడతాను” అన్నాడు.

ఆ వానాకాలం వేటకెళ్ళిన పడవ తిరిగొచ్చింది, నాన్న రాలేదు.

చేతుల్లో బలం వచ్చింది. పైకి కడదామంటే, నా బరువుకు రోజూ బిగిసిన ముడి మాత్రం వేళ్ళకు లొంగలేదు.

“కత్తెట్టి కోసీరా” అంది అమ్మ. ఆమె మీద అరిచాను.

ఇప్పటికీ ఆ రింగులు పట్టుకుని, కాళ్ళు నేలకు తగలకుండా మోకాళ్ళు మడుచుకునే పైకి లేస్తున్నాను.