వెనక్కి చూడని దారి

వెంకటరావమ్మకు కోపం వస్తే మొగుణ్ణీ ఎద్దుల్నీ ఒకే తిట్టు తిట్టేది. మిరపచేలో కలుపుకు దిగితే అందరికన్నా ముందు సాలు ఆమెదే. వెనకవాళ్లు నడుం ఎత్తడానికి కూడా జంకేవాళ్లు. అలాంటి మనిషి ఏడాదికి ఒక్కరోజు, కార్తీకమాసంలో ఒక సోమవారం, వీధిలో పిల్లల్ని వెంటేసుకుని కోటప్పకొండ ఎక్కేది. ఆ పూట మాత్రం ఆమె నోట తిట్టు వచ్చేది కాదు.

పెళ్లయిన కొత్తలో సంతానం కోసం మొక్కుకుని ఎక్కడం మొదలుపెట్టింది. సంతానం కలగలేదు. "ఇంక చాల్లేవే, మోకాళ్లు అరగటం తప్ప ఏముంది?" అన్నాడు భర్త యలమందయ్య. ఆమె మానలేదు. ఒక్కతే ఎక్కడం విసుగనిపించి పక్కింటి పిల్లల్ని రమ్మంది. వాళ్లతో పాటు ఎదురింటివాళ్లూ వచ్చారు. కొన్నేళ్లు గడిచేసరికి వీధిలో నడవగలిగిన ప్రతి పిల్లా పిల్లాడూ ఆమెను పెద్దమ్మా అనేవాళ్లే.

కొండ మీది గుడి దాకా మెట్లున్నాయి. అక్కడి నుంచి పై శిఖరంలో ఉన్న పాత కోటయ్య గుడికి పోవడమే అసలు కష్టం. రాళ్లు, తుప్పలు, వానలకు కోసుకుపోయిన కాలిబాట. పూర్వం ఒక గొల్లభామ రోజూ ఆ శిఖరానికి వెళ్లి స్వామికి పాలు ఇచ్చి వచ్చేదని అక్కడ అందరూ చెప్పుకునే కథ. కడుపుతో ఉండి ఎక్కలేక, నువ్వే మా ఊరికి దిగి రా స్వామీ అందట. సరే, నువ్వు ముందు నడు, వెనక్కి మాత్రం చూడకు అన్నాడట ఆయన. సగం కొండ దిగాక వెనక పెద్ద చప్పుడైతే ఆమె తిరిగి చూసింది. స్వామి అక్కడే నిలిచిపోయాడు. ఇప్పుడు మెట్లెక్కి చేరే కింది గుడి ఉన్న చోటు అదే.

వెంకటరావమ్మకు ఆ గొల్లభామ అంటే చిర్రు. "ఇంకాస్త ఓర్చుకుంటే ఊళ్లోకి వచ్చేవాడు. ఆ మాత్రం మెడ నిలుపుకోలేకపోయింది!" అనేది, నిన్నో మొన్నో జరిగినట్టు. అందుకే పాత గుడి నుంచి దిగేటప్పుడు తాను వెనక్కి చూసేది కాదు. పిల్లల్నీ చూడనిచ్చేది కాదు. మిగతా జనం ఎవరికి తోచినట్టు వాళ్లు దిగుతారు. ఈ నియమం ఆమె సొంతం. ఎప్పటికైనా ఆయన తన వెనకే ఇంటిదాకా వస్తాడని ఆమెకు లోపల ఆశ. ఆ మాట యలమందయ్యకు కూడా చెప్పలేదు.

పందొమ్మిదివందల అరవై ఒకటిలో తోడికోడలు రమణమ్మ తన కూతురు మల్లేశ్వరిని మొదటిసారి కొండకు పంపింది. ఆరేళ్లది. రమణమ్మకు అదొక్కతే. పంపడం సుతరామూ ఇష్టం లేదు గానీ, పిల్ల అన్నం మానేసి ఏడ్చింది.

"నీ చేతిలో పెడుతున్నానక్కా. మళ్లీ నా చేతిలో పెట్టు," అంది రమణమ్మ.

"నేనేమన్నా మింగేస్తానా దాన్ని?" అంది వెంకటరావమ్మ. బండి ఊరు దాటేదాకా ఆ మాట ఆమెకు గుచ్చుకుంటూనే ఉంది. పిల్లల్ని కనని మనిషికి పిల్ల విలువేం తెలుసని తోడికోడలు అన్నట్టే వినపడింది. రమణమ్మ మనసులో అది ఉందో లేదో ఎవరికి తెలుసు! దీన్ని దోమ కుట్టకుండా తీసుకొచ్చి ఒళ్లో పడేస్తానని మాత్రం గట్టిగా అనుకుంది.

అంతకుముందు వారమే ముసురు పట్టి వదిలింది. పైదారిలో రాళ్లకు పాకుడు పట్టింది. గడ్డి పిల్లల తలలు దాటి పెరిగింది. వెంకటరావమ్మ కర్రతో గడ్డి కొట్టుకుంటూ ముందు నడిచింది. ఒకచోట బాట కూలిపోయి ఉంటే పిల్లల్ని ఒక్కొక్కర్నీ రెక్క పట్టుకుని పైకి లాగింది. కాళ్లు గీరుకుపోయి ఇద్దరు ఏడుపు లంకించుకున్నారు. మల్లేశ్వరి మాత్రం కిక్కురుమనలేదు. చెప్పినచోటల్లా అడుగు వేసింది. పైన స్వామికి దణ్ణం పెట్టుకుని, పులిహోర తిన్నారు.

దిగేముందు వెంకటరావమ్మ అందర్నీ వరసలో నిలబెట్టింది. తాను ముందు. చివర బుల్లయ్య, పదేళ్లవాడు. వాడి ముందు మల్లేశ్వరి.

"కింది గుడి గోడ ముట్టుకునేదాకా ఎవరూ ఎనక్కి తిరగబాకండి. సామి మన ఎనకాలే వస్తా ఉంటాడు," అంది.

చిన్నపిల్ల అడుగుల వెనక నడవడం బుల్లయ్యకు చేతకాలేదు. మొదటి మలుపులోనే మల్లేశ్వరిని దాటుకుని ముందుకొచ్చేశాడు. ఆ సంగతి ఆమెకు ఎలా తెలుస్తుంది? ఆమె మెడ తిప్పితేగా! గడ్డి గలగలలో, రాళ్లు దొర్లే చప్పుడులో, తన వెనక అందరూ ఉన్నారనే అనుకుంది.

కింది గుడి గోడ ముట్టుకుని తిరిగి చూసింది. మల్లేశ్వరి లేదు.

"పిల్లేదిరా?"

బుల్లయ్య బిక్కమొహం వేశాడు. "ఆగన్నా అని అరిచింది పెద్దమ్మా. రెండు మూడుసార్లు అరిచింది. నాకు వినపడింది."

"వినపడితే ఆగలేదేంరా?"

"ఎనక్కి చూస్తే సామి ఆగిపోతాడన్నావుగా!"

వాణ్ణి కొట్టడానికి ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. వాడు తప్పు చేయలేదు. తాను చెప్పిందే చేశాడు. పిల్లల్ని గుడి అరుగు మీద కూర్చోబెట్టి, "కదిలారో, కాళ్లిరగ్గొడతా," అని ఆ దారినే పైకి పరుగెత్తింది. చీర ముళ్లకు పట్టుకుంటే చింపుకుని ఎక్కింది. పొద్దు వాలుతోంది. పిల్ల దొరక్కపోతే రమణమ్మ ముందు ఎలా నిలబడాలన్న ఆలోచన మొదట వచ్చింది. కాసేపటికి అదీ పోయింది. పిల్ల దొరికితే చాలు.

"మల్లేశ్వరీ! ఒసే మల్లీ!"

కూలిన బాటకు కొంచెం కింద పిల్ల కనిపించింది. కాలు జారిన ఊపుకు గిర్రున అటు తిరిగి, కొండపైకి మొహం పెట్టి చతికిలబడి ఉంది. చీలమండ వాచి పొంగింది. వెంకటరావమ్మ కింది నుంచి ఎంత పిలిచినా అది తల తిప్పలేదు. స్పృహ లేదేమోనని ఆమె భయపడింది. దగ్గరికెళ్లి భుజం పట్టుకుంది.

"పిలుస్తుంటే ఇటు చూడవేమే?"

"ఎనక్కి చూడకూడదుగా పెద్దమ్మా," అంది పిల్ల, ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతుతో.

వెంకటరావమ్మ అక్కడే కూలబడి, పిల్లను ఒళ్లోకి లాక్కుని బావురుమంది. అత్త పోయినప్పుడు కూడా ఆమె అంతగా ఏడవలేదు. ఇన్నేళ్లు దేవుణ్ణి వెనక రప్పించుకోవడానికి నడిచింది గానీ, వెనక వచ్చే పిల్లల్ని ఒక్కసారైనా చూసుకోలేదే అనిపించింది. తర్వాత కళ్లు తుడుచుకుని, పిల్లను వీపున వేసుకుని దిగింది.

ఇంటికొచ్చాక ఆమె ఏమీ దాచలేదు. "తప్పు నాదే. నేను ఎనక్కి చూడలేదు," అని రమణమ్మతో చెప్పేసింది. రమణమ్మ పిల్లను అందుకుని, కాలికి పసుపూ సున్నం పట్టు వేసింది. కాలు నయమైంది. తోడికోడళ్ల మధ్య మాటలు మాత్రం మిరప కోతలు అయ్యేదాకా పొడిపొడిగానే నడిచాయి.

మరుసటేడు కార్తీకం వచ్చింది. వెంకటరావమ్మ ఎవర్నీ రమ్మనలేదు. బండి కట్టించి ఒక్కతే ఎక్కి కూర్చుంది. అప్పుడు రమణమ్మ మల్లేశ్వరిని నడిపించుకుంటూ వచ్చింది. దూడ మెడలోని మువ్వలపట్టెడ విప్పి పిల్ల నడుముకు కట్టి ఉంది. అడుగేస్తే వీధంతా వినపడుతోంది.

"నువ్వు చూడకపోయినా వినపడుద్దిలే అక్కా," అని పిల్లను బండిలోకి ఎత్తి ఆమె ఒళ్లో పెట్టింది. ఆ మువ్వల చప్పుడుకు మిగతా పిల్లలూ పరుగెత్తుకొచ్చి బండెక్కారు.

ఆ సాయంత్రం పాత గుడి నుంచి దిగుతుంటే మువ్వలు ఒక్క క్షణం ఆగకుండా మోగుతూనే ఉన్నాయి. అయినా వెంకటరావమ్మ ప్రతి మలుపులోనూ నిలబడి, వెనక్కి తిరిగి, పిల్లలందరి మొహాలూ చూసుకుంటూ దిగింది.