ముందు బయటికి రాండ్రి

మా బొగ్గు బాయిలో అండర్ మేనేజర్‌గా చేసి రిటైరైన సారు పోయారన్న కబురు మొన్న మొదటి షిఫ్టు దిగి వచ్చిన మా ఆయన చెప్పాడు. హుజూరాబాద్‌లో, వాళ్ల సొంతింట్లోనే, నిద్రలో ప్రాణం పోయిందట. బియ్యం చెరుగుతున్న నాకు కన్నీళ్లు ఆగలేదు. తలెత్తితే గడపలో నన్ను కన్న అవ్వ నిలబడి ఉంది. చప్పున చేటతో మొహం దాచుకున్నాను. ఎందుకంటే మా బాపు చావుకు కారణం ఆ సారే.

ఈ మాట కోపంతో రాయడం లేదు. ఆయనే బతికినన్నాళ్లూ అందరికీ చెప్పుకున్న మాట ఇది.

నేను చిన్న తరగతుల్లో ఉన్నప్పటి సంగతి. బాపు మందమర్రిలో బొగ్గు నింపే పని చేసేవాడు. ఆ రోజు బాయిలో కప్పును కర్రతో తట్టి చూసి, డొల్లగా మోగుతున్నదని, ఆసరాగా దుంగలు నిలబెట్టేదాకా పని ఆపుదామని సారుకు చెప్పాడట. సారు అప్పటికి ఉద్యోగంలో కొత్త. బొగ్గు తక్కువ వస్తున్నదని పైవాళ్ల చేత చివాట్లు తిని ఉన్నారు. ముందు ఈ బొగ్గు టబ్బులు నింపండి, తర్వాత చూద్దామన్నారు. అవి నిండకముందే కప్పు బాపు మీద కూలింది.

ఎంక్వైరీలో ఆయన ఉన్నదున్నట్టు ఒప్పుకున్నారు. కొన్నాళ్లు సస్పెండ్ చేసి మళ్లీ మా బాయికే పంపారు. బాపుకు బదులుగా అవ్వకు ల్యాంప్ రూంలో పని ఇచ్చారు. బాయిలోకి దిగేవాళ్లకు టోపీకి తగిలించుకునే లైట్లు కిటికీలోంచి అందించడం ఆమె పని. అందరికీ చేతికిచ్చేది. సారు వస్తే మాత్రం కిటికీ గట్టు మీద పెట్టి, చేయి వెనక్కి తీసుకునేది. ఆయన అందుకుని, తలవంచుకుని వెళ్లేవారు. అవ్వకు సద్ది తీసుకెళ్లినప్పుడు ఎన్నోసార్లు నా కళ్లతో చూశాను. ఇంకో బాయికి బదిలీ అడిగితే ఇచ్చేవాళ్లే. ఆయన అడగలేదు.

కొత్తగా చేరినవాళ్లకు సారు మొట్టమొదట చెప్పేది బాపు గురించే. "ప్రమాదంల చచ్చిపోయిండని కాయితాల రాసిన్రు. ఆయన చెప్పిండు, నేను ఇనలే. గందుకు చచ్చిపోయిండు" అనేవారట. ఆ తర్వాత తన పద్ధతి చెప్పేవారు. కప్పు మీద అనుమానమొస్తే ఎవరైనా పని ఆపమనొచ్చు, నిన్న చేరిన కూలీ అయినా సరే. "ముందు బయటికి రాండ్రి. తప్పా, ఒప్పా అన్నది బయట కూసొని కొట్లాడుదం."

మొదట్లో పైవాళ్లు కోప్పడ్డారు. కార్మికులు నవ్వుకున్నారు, కొందరైతే పని ఎగ్గొట్టడానికి దాన్నొక సాకుగా వాడుకున్నారు కూడా. ఆయన మాత్రం ఆ పద్ధతి వదల్లేదు. షిఫ్టు మొదలవగానే అందరికంటే ముందు తానే వెళ్లి కప్పు తట్టి చూసేవారు. సద్ది కూడా లోపలే, బొగ్గు నింపేవాళ్ల మధ్య కూర్చుని తినేవారు.

నా పెళ్లయ్యాక మా ఆయన కూడా అదే బాయిలో చేరాడు. ఒకరోజు కప్పులో చిటపటమన్నట్టు వినిపించి పని ఆపించాడు. అందరూ బయటికొచ్చారు. దుంగలు నిలబెట్టారు. ఏదీ కూలలేదు, ఆ షిఫ్టు బొగ్గు మాత్రం పోయింది. మరునాడు పై అధికారి వచ్చి, ఆపిందెవరని గట్టిగా అడిగాడట. సారు ముందుకొచ్చి, అది తాను నేర్పిన పద్ధతనీ, అడిగేదుంటే తననే అడగమనీ అన్నారు. ఆ అధికారి వెళ్లాక అందరి ముందూ మా ఆయన చేయి పట్టుకున్నారు.

"కూలలే. మంచిదే గద. మళ్ల అనుమానమొస్తే మళ్ల ఆపు" అన్నారు.

ఆ సాయంత్రం పొంగిపోతూ అవ్వకు చెప్పాను.

"మీ బాపు చెప్పిననాడు గిట్ల ఇనుంటే బతుకుతుండె గద, బిడ్డా" అంది.

అప్పటినుంచి సారు గురించి మంచిమాట నోటిదాకా వచ్చి ఆగిపోయేది. మా ఆయన రోజూ ఇంటికొస్తున్నాడు. బాపు రాలేదు. బాపు మాట వినలేదు కాబట్టే ఆ సారు మా ఆయన మాట విన్నారు. నా పసుపుకుంకుమలు అవ్వ పోగొట్టుకున్నవాటి మీద నిలబడ్డాయి. సారుకు మనసులో దండం పెట్టుకున్న ప్రతిసారీ బాపుకు ద్రోహం చేసినట్టే ఉండేది.

రిటైరైన రోజు లైటు తిరిగివ్వడానికి వచ్చి, సారు మొదటిసారి అవ్వతో మాట్లాడారు.

"అమ్మా, మాఫ్ చెయ్యమని అడుగుతలేను. అడిగితే నీ మీద ఇంకో బరువు పెట్టినట్టయితది."

అవ్వ లైటు తీసుకుని చార్జింగుకు పెట్టింది.

మొన్న కబురు విన్నాక ఆఖరిచూపుకు పోతామని ఆమెతో అనడానికి నాకు నోరు రాలేదు. చాటుగా బయల్దేరబోతుంటే అవ్వ చీర మార్చుకుని వచ్చి, "నేను గూడ వస్త" అంది. బస్సులో దారిపొడవునా కిటికీ వైపే తిరిగి కూర్చుంది.

సారు వాకిట్లో బాయివాళ్లు గోడ వెంట వరసగా నిలబడి ఉన్నారు. చాలామంది రిటైరైనవాళ్లే. తలలు నెరిశాయి, కొందరికి నడుములు వంగాయి. ఒకాయన మనవణ్ని ఎత్తుకొచ్చాడు. అవ్వ ఒక్కొక్కరి మొహం నిదానంగా చూస్తూ పోయింది.

"వీళ్లంత సారు కింద జేసినోళ్లే, నేను లైట్లిచ్చినోళ్లే. ముసలోళ్లయిన్రు గద?" అని అడిగింది.

అవునన్నాను.

"మీ బాపు ఈడోళ్లే" అంది.

వరస చివర ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగా ఉంది. అవ్వ వెళ్లి అక్కడ నిలబడింది. పాడె వాకిలి దాటేదాకా కదలలేదు.