మెరుపు తీసేసిన వాగు

నా చిన్నప్పుడు, చంద్రపూర్‌లో రంగుల ఫోటోల ల్యాబులు ఒక్కొక్కటిగా తెరుచుకుంటున్న రోజుల్లో, మా మామయ్య ఒక స్టూడియోలో పనిచేసేవాడు. అమ్మకు సొంత తమ్ముడు. పెళ్ళి ఫోటోలు తీసి తీసి విసిగిపోయి, కొండలూ వాగులూ తీయాలని తపించేవాడు. ఆ తపనతోనే ఎవరిచేతనో బొంబాయి నుంచి పోలరైజర్ ఒకటి తెప్పించుకున్నాడు. లెన్సు ముందు బిగించే నల్లటి గాజు అది. అంచు పట్టుకుని తిప్పితే గుండ్రంగా తిరుగుతుంది.

వానాకాలం చివర్లో ఒక ఆదివారం అమ్మనీ, నన్నూ, నాలుగేళ్ళ తమ్ముణ్ణీ జివతి కొండల్లోకి తీసుకెళ్ళాడు. ఒక బండ మీద నన్ను నిలబెట్టి ఆ గాజును కంటికి ఆనించాడు. సూర్యుడు ముందో వెనకో కాదు, భుజం వైపు ఉండాలన్నాడు.

"మెల్లగ తిప్పు బిడ్డా. ఉరుకులాడకు."

తిప్పాను. పాలిపోయిన ఆకాశం ముదురు నీలమైంది. మబ్బులు విడిగా తేలి నిలిచాయి. ఆకుల మీది తెల్లటి మెరుపు పోయి లోపలి పచ్చదనం బయటపడింది. బండ కింద గుంటలోకి చూస్తే, నీళ్ళే లేనట్టు అడుగున గులకరాళ్ళు కనిపించాయి. ఇంకొంచెం తిప్పితే మళ్ళీ ఆకాశం వచ్చి వాటిని కప్పేసింది. ఆ గాజుకు కనిపించనిది ఏదీ ఉండదని నాకు ఆ పూట గట్టి నమ్మకం కుదిరింది.

మధ్యాహ్నం తమ్ముడు అన్నం ముట్టలేదు. కాసేపటికి వాడి ఒళ్ళు కాలిపోసాగింది, పళ్ళు టకటకలాడాయి. ఆ కొండల్లో పట్టుకునే చలిజ్వరం సంగతి అందరికీ తెలుసు. మామయ్య కెమెరా సర్దేశాడు. అదృష్టం కొద్దీ చంద్రపూర్ వెళ్ళే జీపు దొరికింది.

కొండ దిగాక జీపు ఆగింది. పైన ఎక్కడో వాన కురిసినట్టుంది. పొద్దున మేము దాటి వచ్చిన వాగు, పక్క గోడల్లేని చిన్న వంతెనను పూర్తిగా ముంచేసి పారుతోంది. ఏటవాలు ఎండకు నీళ్ళు కళ్ళు పొడిచేలా మెరుస్తున్నాయి.

"అరే భావ్, మోకాలు లోతు గూడ లేదు. నాకు రోజుటి తొవ్వనే ఇది. కండ్లు మూసుకోని దాటిస్త," అన్నాడు డ్రైవరు. మా వైపు అన్నను భావ్ అనేవాళ్ళు.

"కండ్లు మూసుకునుడే వద్దంటున్న," అని మామయ్య దిగిపోయాడు. కెమెరా సంచి తెరవడం చూసి జీపులో వెనక కూర్చున్న ఒక ముసలాయన కసిరాడు. "పోరడు జరంతోని కాలుతుంటే నీకు ఫోటోలు గావాల్నా?"

"తమ్మీ, పోనియ్యరాదు. నా కొడుకును చూడు," అంది అమ్మ.

మామయ్య గాజును విప్పి, దానిలోంచి వాగును చూసి, నన్ను పిలిచాడు. "నాకు గూడ తొందరనే ఉన్నది బిడ్డా. నా కండ్ల మీద నాకు నమ్మకం లేదు. వంతెన కనవడుతుందేమో నువ్వు చూడు. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

నా వెనక తమ్ముడు మూలుగుతున్నాడు. కనిపిస్తోందని నేనొక్క మాట అంటే జీపు కదులుతుంది. గాజు అంచు తిప్పాను. వాగు మీది మెరుపు ఆరిపోయింది. దాని కింద గులకరాళ్ళు లేవు, వంతెన లేదు. చిక్కటి ఎర్రటి బురద నీళ్ళు, అంతే. మళ్ళీ తిప్పాను, మళ్ళీ తిప్పాను. మెరుపు వస్తోంది, పోతోంది. బురద మాత్రం అలాగే ఉంది.

"బురదనే ఉంది మామా. వంతెన కనిపిస్తలేదు."

"నాగ్గూడ గంతే," అన్నాడు. "ఇది మెరుపునే తీస్తది. బురదను తీయదు." గాజును జేబులో వేసుకుని జీపుకు అడ్డంగా నిలబడ్డాడు.

ఆ ఎదురుచూపు ఎంత సాగిందో నాకు తెలియదు. అమ్మ సీసాలోని నీళ్ళతో కొంగు తడిపి తమ్ముడి నుదుటి మీద వేస్తూ కూర్చుంది. మామయ్య ముఖం చూడలేదు, నా ముఖమూ చూడలేదు. మామయ్య నీటి అంచున ఒక రాయి పెట్టి, నీళ్ళు దాన్ని వదిలి ఎంత వెనక్కి వెళ్ళాయో చూసుకుంటూ నిలబడ్డాడు. తమ్ముడు కళ్ళు మూసినప్పుడల్లా, నా మాట వల్లే వీడికి ఏదైనా అవుతుందేమోనని వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను.

పొద్దు వాలేసరికి వంతెన తేలింది. మామయ్య ముందు తానే నడిచి వెళ్ళి చూసి వచ్చాడు. ఎక్కడా చిన్న పెచ్చు కూడా ఊడలేదు.

"చూసినవా భావ్? మంచిగనే ఉన్నది. ఉత్తగనే పొద్దు గూకించినవ్," అని డ్రైవరు ఎగతాళి చేశాడు.

"ఇప్పుడు కనవడుతుంది. పోదాం పా," అన్నాడు మామయ్య.

ఆసుపత్రిలో ఇంజెక్షన్ పడ్డాక తమ్ముడి జ్వరం దిగింది. అమ్మ చాలా రోజులు మామయ్యతో మాట్లాడలేదు. ఒక ఉదయం చాయ్ గ్లాసు అతని ముందు పెట్టి అడిగింది. "ఆ వాగు తగ్గకపోతే ఏం చేసెటోనివి?"

"పిల్లగాన్ని ఎత్తుకోని ఎనుకకు నడిచెటోణ్ణి అక్కా. ఎనుక ఊరికి పొయ్యే తొవ్వ కనవడ్డది."

అమ్మ గ్లాసు మళ్ళీ తన వైపు లాక్కుంది. చాయ్‌లో ఇంకాస్త చక్కెర వేసింది.

ఇదంతా జరిగి ఎన్నో ఏళ్ళయింది. ఉద్యోగం నుంచి ముందుగానే విరమణ తీసుకున్నాను గానీ, రోజూ డైరీ రాసే అలవాటు మానలేదు. రాయడానికి కూర్చున్నప్పుడల్లా, గడిచిన రోజు గురించి, నిజమో కాదో చూడకముందే, నాకు ఇష్టమైన మాట ఒకటి సిద్ధంగా ఉంటుంది. దాన్ని కాసేపు ఆపి, గాజు అంచు తిప్పినట్టు ఆ రోజును నెమ్మదిగా తిప్పి చూసుకుంటాను. కనిపించింది రాస్తాను. మెరుపు పోయాక కూడా ఏమీ కనిపించకపోతే, బురదే కనిపించిందని రాస్తాను.