రిజిస్టరులో ఐదో తరగతి పిల్ల

టేకులపల్లి దాటి అడవిలోకి వెళ్తే వచ్చే ఒక కోయగూడెంలో నేను విద్యా వాలంటీరుగా పనిచేశాను. ఐదు తరగతులకూ ఒకటే గది. హెడ్మాస్టరు, నేను. నా ఉద్యోగం ఏడాదికోసారి పొడిగించేది కాబట్టి సారు ముఖం చిట్లించినా నాకు భయం.

ఆ బడిలో పదకొండేళ్ళ పిల్ల ఒకతి ఉండేది. ఇంట్లో మాట్లాడేది కోయ, తెలుగు వినేది బడిలోనే. ఇప్పపువ్వు కాలంలో అడవికి, వానల్లో కలుపుకు పోయేది. మూడేళ్ళుగా రెండో తరగతి వాచకం దాటలేదు. కానీ ఎవరినీ ఫెయిలు చేయకూడదని రూలు. అందుకని ఏటా ఆమె పేరు పై తరగతిలో రాసింది నేనే. రిజిస్టరులో ఐదో తరగతి, కూర్చునేది రెండో తరగతి పిల్లల పక్కన.

ఒక చలికాలం సాయంత్రం సారు చెప్పారు. ఆఫ్రికాలోని ఒక దేశం నుంచి పరిశోధన చేసే ఒకావిడ మర్నాడు వస్తోందట. ఆడపిల్లలు ఒకే తరగతి ఎన్నిసార్లు చదువుతున్నారో, వాళ్ళ దేశాన్నీ మన దేశాన్నీ పోల్చి చూస్తుందట.

"ఆ పిల్లని రేపు రావొద్దను. వాచకం చదవమన్నరంటే మనిద్దరి పని అయిపోయినట్టే."

పిల్లను పిలిచి చెప్పాను. "మరి ఎల్లుండి రావాల్నా టీచర్?" అంది. తాళం వేసే తొందరలో "చెప్తలే" అనేశాను.

మర్నాడు జీపు వచ్చింది. ఆవిడ, మా మండలం ఆఫీసరు దిగారు. రిజిస్టరు తిరగేసి ఆవిడ ఆశ్చర్యపోయింది. తప్పిన పిల్ల ఒక్కతీ లేదు. ఇదెలా సాధ్యమైందో నేర్చుకుంటానంది. ఆఫీసరు ఆ మాట మాకు తెలుగులో చెప్పారు. ఆ రోజు రాలేదని గుర్తు పెట్టిన ఆ పిల్ల పేరు మీద ఆవిడ వేలు పెట్టింది. జ్వరమన్నారు సారు. అయితే ఇంటికి వెళ్ళి చూద్దామంది ఆవిడ.

గూడేనికి జీపులో వచ్చేది ఫారెస్టువాళ్ళే, వాళ్ళంటే అందరికీ భయం. జీపు కనబడగానే ఆ పిల్ల చెట్లలోకి పరిగెత్తింది. వాళ్ళమ్మ వాకిట్లో నిలబడి, "మీరే రావొద్దన్నరంట గద మేడం. మా పిల్ల ఏం తప్పు చేసింది?" అని అడిగింది.

"జొరం లేదు సార్. రిజిస్టర్ల ఐదు, చదివేది రెండు. నేనే రావొద్దన్న," అన్నాను ఆఫీసరుతో.

ఆయన ఆవిడకు ఇంగ్లీషులో చెప్పారు. ఆవిడ నన్ను తిట్టలేదు. వాళ్ళ దగ్గర తప్పినవాళ్ళను అదే తరగతిలో కూర్చోబెడతారని, సిగ్గుతో ఆడపిల్లలు బడి మానేస్తారని, తాను నాలుగో తరగతి మూడుసార్లు చదివానని చెప్పింది. "ఈ అమ్మాయికి చదవడం రాలేదని మీరు ఎక్కడ రాస్తారు?" అని అడిగింది.

"ఎక్కడా రాయం," అన్నాను.

ఆ తర్వాత మోటారు చప్పుడు వినబడితే చాలు, నన్ను తీసేసిన కాగితమే వస్తోందనుకునేదాన్ని. అంతకంటే పెద్ద భయం, ఆ పిల్ల బడికి రాకపోవడం. రోజూ వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. నన్ను చూసి గోడ చాటుకు పోయేది. ఐదో రోజు వాకిట్లోనే కూర్చుని రెండో తరగతి వాచకం పైకి చదివాను. నేను ఆగినచోట తర్వాతి మాట గోడ వెనక నుంచి వినబడింది.

"ఆ జీపోళ్ళు మళ్ల వస్తరా టీచర్?"

"రారు," అన్నాను, ఏమీ తెలియకుండానే. మర్నాడు బడికి వచ్చింది.

నన్నెవరూ తీసేయలేదు. ఏప్రిల్ నాటికి ఆ పిల్ల మూడో తరగతి వాచకం సగం చదివింది. ఇంకో ఏడాది ఉంచుదామని సారును బతిమాలాను. రూలు ఒప్పుకోదన్నారు. ఐదు పాసైనట్టు సర్టిఫికెట్ రాశాను. జూన్‌లో ఆరో తరగతికి హాస్టలుకు పంపారు.

దసరా సెలవుల తర్వాత ఆమె మళ్ళీ హాస్టలుకు పోలేదని విని గూడేనికి వెళ్ళాను. పత్తి చేలో ఉంది. ఎందుకు మానేశావని అడిగాను.

"ఆడ రెండో తరగతోళ్ళు ఎవ్వరు లేరు టీచర్. ఎవ్వరి పక్కన కూసోవాలె?" అంది.

ఆమె పక్కనే నిలబడి కాసేపు పత్తి ఏరి వచ్చాను.