సైదాబీ సగం కరెంటు

ఉదయగిరిలో పెళ్లంటే సైదాబీ పలావే. మసాలా తన చేత్తో రోట్లో నూరితే తప్ప ఆమెకు నచ్చదు, తినేవాళ్లకూ నచ్చదు. అలాంటి మనిషి ఎనభై రెండులో బావి దగ్గర జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు కట్టించుకుంటే ఎముక అతికింది గానీ చేతిలో పట్టు పోయింది. పొత్రం పట్టలేని వంటమనిషిని ఎవరు పిలుస్తారు? ఆ సంగతి తమ్ముడికి తప్ప ఎవరికీ పొక్కనివ్వలేదు. నొప్పి కన్నా ఆ భయమే ఆమెను ఎక్కువ తినేసింది.

తమ్ముడు నూర్ మహమ్మద్ లారీ డ్రైవరు. లోడుతో ఉత్తరాదికి పోయినప్పుడు సరిహద్దు దాటి, నేపాలు బజారులో జపాను మిక్సీ కొని అక్కకు తెచ్చాడు. "మా తమ్ముడు మోజుపడి తెచ్చినాడు" అని వీధంతా చూపించుకుంది. అది తన చేతికి బదులని మాత్రం చెప్పలేదు.

పగటి పూట మొదటిసారి స్విచ్ వెయ్యగానే మిక్సీ గావుకేక పెట్టి కాలిన వాసన కొట్టింది. బెదిరిపోయి ఆపేసి, బస్సెక్కి ఆత్మకూరులో రిపేరు షాపు రాజమోహన్ దగ్గరికి పట్టుకుపోయింది.

"ఇది నూట పది వోల్టులదమ్మా. మన కరెంటులో సగం చాలు. పూర్తిది ఇస్తే మాడిపోతాది. కరెంటు తగ్గించే పెట్టె మద్రాసు నుంచి తెప్పించాల" అన్నాడతను.

"పెట్టె దేనికి నాయనా? మా వీధి చివర్న పొద్దుగూకితే వచ్చేదే సగం కరెంటు."

రాజమోహన్ పగలబడి నవ్వి, అయితే చూడమన్నాడు.

నిజంగానే తిరిగింది. సాయంత్రం బల్బు నిప్పుకణికలా ఎర్రబడితే వీధిలో అందరూ కరెంటోళ్లను తిట్టేవాళ్లు. సైదాబీ మాత్రం హాయిగా అల్లం, వెల్లుల్లి ముందేసుకుని కూర్చునేది. అలా రెండేళ్లు నెట్టుకొచ్చింది.

ఎదురింటి మాలకొండయ్య బడిపంతులు. పిల్లలు గుడ్డి దీపం కింద చదవలేకపోతున్నారని ఆత్మకూరు కరెంటాఫీసు చుట్టూ తిరిగి తిరిగి వీధికి ట్రాన్స్‌ఫార్మరు సాధించాడు. "రేపు లైను కలుపుతారు సైదాబీ. వీధంతటికీ నీ పలావే" అన్నాడు. పూర్తి కరెంటు వస్తే మిక్సీ పనైపోయినట్టేనని ఆమెకు తెలుసు. అయినా పిల్లల చదువు వద్దంటుందా? ఈ ఒక్క విందుకైనా గట్టెక్కుదామని ఆ సాయంత్రమే మిక్సీలో మసాలా వెయ్యడానికి కూర్చుంది.

లైన్‌మెన్లు ఒకరోజు ముందే పని ముగించేశారు. బల్బు భగ్గున వెలిగింది. వీధిలో ఈలలు, కేకలు. మిక్సీ అంతకంటే పెద్దగా అరిచి, పొగ వదిలి ఆగిపోయింది.

సగం నలిగిన అల్లం రోట్లో వేసి, సైదాబీ ఎడమ చేత్తో పొత్రం తిప్పబోయింది. జారిపోయింది. ఏడుపు ఆగలేదు. దీపాల సంబరం చెబుదామని పరుగున వచ్చిన మాలకొండయ్య భార్య లిదియమ్మ గడపలోనే నిలబడిపోయింది.

"చెయ్యి ఇట్టా ఉంటే చెప్పకూడదా?"

"చెబితే నన్నెవురు పిలుస్తారు లిదియమ్మా?"

లిదియమ్మ తలుపు గడియ పెట్టి వచ్చి, కొంగు బిగించి, "జరుగు" అంది.

మర్నాడు రాత్రి కొత్త వెలుతురులో విందు బంతి సాగింది. "సైదాబీ చెయ్యి పడితే ఆ రుచే వేరు! ఇంక నీ మిక్సీ పగలూ రాత్రీ తిప్పుకోవచ్చు" అన్నాడు మాలకొండయ్య. సైదాబీ కుడిచేతిని కొంగులోకి లాక్కుంది.

పక్కన వడ్డిస్తున్న లిదియమ్మ అరచేతులు పచ్చిమిరపకాయల మంటకు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. ఆమె మొగుడి ఆకులో ఇంకో గరిటె వేసి, "మాట్లాడకుండా తినవయ్యా" అంది.