రాహుకాలంలో ఆపిన సర్వరు

మొన్న మా మేనకోడలిని స్కానింగుకని రాజమండ్రిలో ఆసుపత్రికి తీసుకువెళ్తే, కౌంటరులోని అమ్మాయి తల ఎత్తకుండానే "సర్వర్ డౌనండి, కాసేపు కూర్చోండి" అంది. అందరూ ఫోన్లు తీసుకుని నింపాదిగా కూర్చున్నారు గానీ నేను మాత్రం కౌంటరు దగ్గరే నిలబడిపోయాను.

ఇదే ఊళ్లో మరో ఆసుపత్రిలో నేను కంప్యూటర్ల గది చూసుకునే రోజుల్లో, మందుల కొట్టుకొకటి, ల్యాబుకొకటి, బ్లడ్ బ్యాంకుకొకటి చొప్పున ఉన్న చిన్న సర్వర్లన్నీ తీసేసి, బీరువా అంత మిషను ఒకటి తెచ్చి వాటి పనులన్నింటినీ దాని కడుపులోనే విడివిడి సర్వర్లుగా పెట్టారు. వైర్లు తగ్గాయి, గది విశాలమైంది, అందరం మురిసిపోయాం. కానీ లోపలివన్నీ ఉమ్మడి కాపురమే. వేటికీ సొంత డిస్కు లేదు, పెద్దది ఆగితే అన్నీ ఆగాల్సిందే. పైగా మా మేనేజరు గారు కోరుకొండ పంతులు గారి చేత ముహూర్తం పెట్టించి స్విచ్చి వేయించారేమో, మంచి ఘడియలో మొదలైనదాన్ని ఆపకూడదని ఒక్కసారైనా ఆపి చూడనివ్వలేదు. ఆపితే తిరిగి ఎలా లేస్తుందో మాలో ఎవరికీ తెలియదు.

మా అక్కను కాన్పుకి అదే ఆసుపత్రిలో థియేటర్లోకి తీసుకువెళ్లిన మధ్యాహ్నమే, మందుల సర్వరు ఏదో మొరాయించి మిషనంతా బిగుసుకుపోయింది. అక్కకు వెంటనే రక్తం ఎక్కించాలి. ఆమెకు సరిపోతుందని పరీక్షించి పెట్టిన రక్తం ఏదో ఆ మిషను చెప్పాలి, లేదా మళ్లీ మొదటినుంచి పరీక్షలు చేయాలి, అంత వ్యవధి లేదు. ఆపి లేపుతానంటే మేనేజరు గారు అడ్డం నిలబడి, "కాసేపాగితే రాహుకాలం వెళ్లిపోద్దయ్యా, ఇప్పుడాపితే మళ్లీ లేస్తదంటావా?" అన్నారు. వరండాలోంచి మా బావగారు నన్నే చూస్తున్నారు. కళ్లు మూసుకుని ఆపేశాను.

పెద్ద మిషను లేచింది. లోపలివి మాత్రం చేర్చిన వరసలోనే లేవాలి, బ్లడ్ బ్యాంకుదేమో అందరికంటే చివర చేర్చాం. మందులది లేచింది, ల్యాబుది లేచింది, నేను తెర ముందు నిలబడి అన్నవరం సత్యనారాయణస్వామికి మొక్కుల మీద మొక్కులు మొక్కాను. చివరికి అదీ లేచింది. రక్తం పైనున్న థియేటర్‌కి పరుగెత్తింది, అక్క బతికింది, ఈ మేనకోడలు రాహుకాలంలోనే పుట్టింది. ఆ తర్వాత నెలనెలా మిషనును ఆపి లేపి చూడటానికి మేనేజరు గారు తనంతట తానే రాహుకాలం ఖాయం చేశారు. దానికి అదే కలిసొచ్చిందట.

సర్వరు ఎక్కడుంటుందమ్మా అని కౌంటరు అమ్మాయినడిగితే, తెలీదండి అని నవ్వేసింది. ఆ రోజు ఎంత భయమేసినా, చెయ్యి వేసి చూడటానికి ఎదురుగా ఒక మిషనుండేది. ఇప్పుడు అదీ లేదు గనుక మేనకోడలి చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.