సూపు మీద తేలిన జిడ్డు

పండగల సీజన్ వచ్చిందంటే మాస్టరుకి కడుపులో దేవుతుంది. తిని కాదు, చూసి. వేపుళ్ళ దుకాణంలో మూకుడు ముందు నిలబడేది అతనే. వంటచేసేవాణ్ణి అక్కడందరూ మాస్టరనే పిలుస్తారు. చివరికి ఇంట్లోనూ అదే పేరైపోయింది.

దుకాణానికి ముందువైపు రంగు దీపాలు, తుడిచి తుడిచి మెరిసే అద్దాలు. వెనకవైపు ఇతను. అక్కడ గోడకి పట్టిన జిడ్డు మీద ఈగ వాలితే మళ్ళీ లేవదు, అక్కడే కాళ్ళు కొట్టుకుని చస్తుంది. నిన్నటి నల్ల నూనెలో ఇవాళ్టి కొత్త నూనె కలుపుతారు, రేపు ఆ రెండింట్లో ఇంకొంచెం పోస్తారు. మూకుడు అడుగున ఉన్న ఆ నూనె వయసెంతో యజమానికే తెలీదు. అద్దం అవతల జనం మాత్రం ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటుంటారు. పెట్టెలకి పెట్టెలు మోసుకుపోతారు. ఇల్లు చేరేదాకా కూడా ఆగలేక రోడ్డు మీదే మూత తీసి, తిని, వేళ్ళు నాకి, ఆ వేళ్ళతోనే పిల్లల బుగ్గలు నిమురుతారు.

వేగిన సరుకు పళ్ళెంలోకి తీశాక దాని మీద ఒక గరిటెడు వేడి నూనె చల్లాలి. దుకాణం భాషలో దాన్ని మెరుపు అంటారు. "మెరుపు పడిందా మాస్టరూ" అని యజమాని గల్లాపెట్టె దగ్గర్నుంచే కేకేస్తాడు. పడుతుంది. ఇన్నేళ్ళుగా పడుతూనే ఉంది. ఇంటికొచ్చి ఎంత రుద్దుకున్నా మాస్టరు ఒంటి మీంచి ఆ వాసన పోదు. తలగడకీ అదే కంపు. బస్సులో పక్క సీటువాళ్ళు కిటికీ వైపు జరిగిపోతారు. వాళ్ళని తిట్టుకోడు. వీలైతే తన ఒంటి నుంచి తానే ఆమడ దూరం జరిగేవాడు.

అలాంటివాడి చేతికి ఈ ఏడు ఇంటి వంట అప్పజెప్పారు. కారణం వాళ్ళన్నయ్య.

అన్నయ్య బస్సు డ్రైవరు. వానాకాలంలో ఓ రోజు స్టీరింగు ముందే గుండె పట్టేసింది. బండి పక్కకి తీసి, హ్యాండ్‌బ్రేకు లాగి, అప్పుడు ఒరిగిపోయాడు. ఆసుపత్రిలో స్టెంటు వేసి పంపారు. సెలవులయ్యాక డిపో డాక్టరు రక్తం పరీక్ష చేస్తాడు. కొవ్వు తగ్గకపోతే ఇక బస్సు ఇవ్వరు, డిపో గేటు దగ్గర కుర్చీ వేస్తారు. "వచ్చే బండికి గేటు తియ్యడానికీ, పోయే బండికి వెయ్యడానికీనా నేను పుట్టింది" అని అన్నయ్య ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే మంచమ్మీద అటు తిరిగి పడుకున్నాడు.

దాంతో ఇంట్లో తీర్మానం అయిపోయింది. ఈ పండగలకి వేపుడన్న మాట ఎవరూ ఎత్తకూడదు. అందరికీ ఒకే గిన్నె, అందరికీ చప్పిడే. నూనె డబ్బా అటక మీదకెక్కింది. వెన్న మాత్రం అమ్మ రొట్టెలోకని ఫ్రిజ్‌లో ఉండిపోయింది. అమ్మ, వదిన ఇద్దరూ ఒట్టేశారు. నూనెంటే ఓకారం వచ్చేవాడు గనక వంట మాస్టరుదే అన్నారు.

అతను చేతనైనంత చేశాడు. కూరలు ఆవిరి మీద ఉడికించి నిమ్మరసం పిండాడు. చేపని నిప్పుల మీద కాల్చాడు. మిరియాలు, వెల్లుల్లి, కొత్తిమీర, ఏది వేస్తే నాలుక కాస్త మోసపోతుందో అది వేశాడు.

"ఏంట్రా ఇది, కుందేలు పెళ్ళి భోజనమా?" అనేవాడు అన్నయ్య.

"మెదలకుండా తిను. స్టీరింగు కావాలా, గేటు కావాలా?"

"స్టీరింగే కావాలి. కానీ అది పట్టుకోడానికి చేతుల్లో కాస్త బలం ఉండాలి కదరా."

వదిన నవ్వేది. అమ్మ మాత్రం పెద్ద కొడుకు ముఖం చూసి కొంగుతో కళ్ళొత్తుకునేది.

పండగ రోజు దుకాణంలో మధ్యాహ్నం దాకా వేయించి, కళ్ళు మండుతుంటే ఇంటికొచ్చి, మాస్టరు పెద్ద గిన్నెడు సూపు పెట్టాడు. చిక్కుడు గింజలు, క్యారట్టు, క్యాబేజీ, టమాటా. సన్న సెగ మీద వదిలేసి స్నానానికి వెళ్ళాడు. తిరిగొచ్చి వడ్డిద్దామని మూత తీశాడు. సూపు మీద పసుపు పచ్చటి జిడ్డు కళ్ళు తేలుతున్నాయి. ఒకటీ రెండూ కాదు, గిన్నె నిండా కళ్ళే. గరిటె పెడితే పక్కకి జరిగి, మళ్ళీ దగ్గరకొచ్చి, అతని వంకే చూస్తున్నాయి.

"ఎవరు వేశారిందులో?"

అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"అమ్మా."

"ఒక్క చెంచా వెన్న వేశాన్రా. పండగపూట కూడా వాడు గడ్డి తినాలా? దవడలు ఎలా పీక్కుపోయాయో చూడు."

వదిన పమిట సర్దుకుంది. "అత్తయ్య వేశారని నాకేం తెలుసు మరిదీ? నేనూ కాస్తే వేశాను. రోజూ సగం కంచంలోనే వదిలేస్తుంటే చూడలేక."

అన్నయ్య గోడకేసి చూస్తున్నాడు.

"నువ్వూనా?"

"కొంచెమేరా. మీరెవరూ వెయ్యరు కదా, ఒక్కణ్ణి వేసుకుంటే ఏమవుతుందిలే అనుకున్నా."

మాస్టరుకి ఒళ్ళు మండిపోయింది. "బుద్ధుందా మీకు? ఒట్లు ఎందుకు వేశారు? దుకాణం ముందు ఎగబడే ఆ జనానికీ మీకూ తేడా ఏముంది? వాళ్ళు కొనుక్కుని తింటారు, మీరు దొంగతనంగా తింటారు, అంతే."

"అరవకు బాబూ," అంది వదిన మెల్లిగా. "మేం ముగ్గురం వేసింది వెన్నే. మరి ఆ నూనె డబ్బా ఎవరు దింపారు?"

డబ్బా పొయ్యి పక్కనే ఉంది, మూత తీసి. దాని అంచున గరిటె ఉంది. గరిటె కొసన చుక్క వేలాడుతోంది.

అటక అందేది మాస్టరుకొక్కడికే.

గుర్తుచేసుకుందామంటే దొరకలేదు. గింజలు ఉడికాయి, ఉప్పు చూశాడు, తర్వాత స్నానాల గదిలో సబ్బు. ఆ మధ్యలో చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. స్టూలు లేకుండా మునివేళ్ళ మీద లేచి, డబ్బా దింపి, గరిటెడు మెరుపు చల్లేసింది. తన చేతిని తనే పాము పిల్లని చూసినట్టు చూసుకున్నాడు.

గిన్నె పారబొయ్యడానికి అమ్మ ఒప్పుకోలేదు. తీసి ఫ్రిజ్‌లో పెట్టారు. ఆ పూట అందరూ ముఖాలు మాడ్చుకుని ఎండు రొట్టె తిన్నారు. మర్నాడు పొద్దున మూత తీస్తే సూపు మీద మందంగా, మెత్తగా పొర కట్టుంది. మాస్టరు దాన్ని గరిటెతో తోడి పళ్ళెంలో వేశాడు. చీము రంగులో కుప్పగా కూర్చుంది.

అన్నయ్య వచ్చి చూశాడు. వేలు పెట్టాడు. వేలు నీళ్ళ కింద పెట్టాడు, పోలేదు. సబ్బు రాశాడు, అయినా జారుతూనే ఉంది.

"వేలి మీదే వదలట్లేదు," అన్నాడు. "లోపల ఆ సన్న గొట్టాల్లోంచి ఏం వదులుతుంది?"

పళ్ళెం పక్కకి తోసి ముగ్గురి వంకా తిరిగాడు.

"మీ ప్రేమలు తగలెయ్య. ఇవాళ్టి నుంచి మీరెవరూ వంటింట్లోకి రాకండి. నా తిండి నేనే వండుకుంటా. మీకు ఇష్టమైతే తినండి, లేకపోతే లేదు."

"నీళ్ళు కాచడం కూడా రాదు మీకు," అంది వదిన.

"బస్సు మాత్రం పుట్టగానే నడిపానా?"

ఘోరంగా వండాడు. గింజలు పళ్ళకి రాళ్ళలా తగిలేవి. క్యాబేజీ మురిగిన గుడ్డలా ఉండేది. అమ్మ ముక్కు మూసుకుని మింగేది. మాస్టరుకి దుకాణంలో నూనె కంపు, ఇంట్లో క్యాబేజీ కంపు. వేలు పెట్టి సాయం చేద్దామని చెయ్యి లాగేది, కానీ ఆ చెయ్యి మీద అతనికే నమ్మకం లేదు. గడప ఇవతలే కూర్చునేవాడు.

సెలవులయ్యాయి. డిపో డాక్టరు కాగితం చూసి పెదవి విరిచాడట. తగ్గింది గానీ తగ్గాల్సినంత కాదు, దూరం బళ్ళు వద్దు, ఊళ్ళో తిరిగే చిన్న బండి ఇస్తాం, మళ్ళీ పరీక్షకి రా అన్నాడట. అన్నయ్యకి అంతకంటే అక్కర్లేకపోయింది. తాళంచెవి జేబులో వేసుకుని ఇంటికొచ్చి, చొక్కా కూడా మార్చకుండా పొయ్యి వెలిగించాడు.

ఆ రాత్రి కంచాల్లో పడింది బూడిదరంగు ముద్ద. మాస్టరు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి గొంతు దిగింది.

"ఉప్పు కూడా వెయ్యలేదేంటన్నయ్యా?"

"ఉప్పు డబ్బా బయటికి తీస్తే," అన్నాడు అన్నయ్య తన కంచంలోంచి తలెత్తకుండా, "దాని వెనకాలే మీరు ఒక్కొక్కళ్ళూ చెంచా పట్టుకుని వచ్చేస్తారు."